పెద్దవాళ్ల రంగు

నేను కోతలు కోస్తాను. తరవాత ఎవరూ నిలదీయకుండా ముందే ఒప్పేసుకుంటున్నాను. "వాన పడుతోంది" అని నేనంటే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకున్నాకే దండెం మీది బట్టలు తీస్తుంది. చారెడు నీళ్లను చెరువు చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. కాబట్టి ఇక్కడ వచ్చే ఎత్తులకు, బరువులకు, జనానికి, వాసనలకు మీకు తోచినంత తరుగు తీసేసుకుని చదవండి. అయితే ఒక్కచోట మాత్రం నేను పెంచి చెప్పలేదు, లేనిదాన్ని పుట్టించాను. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను.

మా అక్క పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసింది. చేరినప్పుడు ఆమె జడ బస్సు కిటికీలోంచి వేలాడితే వెనక వచ్చే లారీ డ్రైవర్లు తాడనుకునేవాళ్లు. రిటైరయ్యేనాటికి మిగిలింది రేగుపండంత ముడి.

ఆ పని ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పొద్దున కంపెనీ బస్సు దిగగానే ఆడవాళ్లంతా చీరలు విప్పి లాకర్లలో పెట్టాలి. తెల్ల ప్యాంటు, తెల్ల కోటు, తలకు టోపీ, మూతికి మాస్కు, కాళ్లకు గుడ్డ తొడుగులు వేసుకోవాలి. గాజులు కుదరవు. పూలు కుదరవు. బొట్టు కూడా కుదరదు, ఊడి మాత్రల్లో పడితే ఏదో దేశం ఓడ ఓడంతా వెనక్కి తిప్పి పంపుతుందట. లోపల ఎవరికైనా కనిపించేది రెండు కళ్లే. అక్క పక్కన ఏళ్ల తరబడి నిలబడి పనిచేసిన అమ్మాయి ఒకసారి పటాన్‌చెరు కూరగాయల బజారులో ఎదురుపడి గుర్తుపట్టలేదు. అక్క టమాటాల సంచి కింద పెట్టి, ఒక అరచేత్తో నుదురు, ఇంకో అరచేత్తో ముక్కూ నోరూ మూసుకుని నిలబడితే, "అయ్యో అక్కా, నువ్వా!" అందట.

అందుకే అక్క మంచి చీరలు కొనడం ఎప్పుడో మానేసింది. అడిగితే "లాకర్‌కు కట్టవెట్టనీకి మంచి చీరెందుకు తమ్మీ?" అనేది. పోనీ ఇంట్లో కట్టుకుందామంటే అదీ లేదు. అప్పట్లో కంపెనీలకు దగ్గరగా కిరాయికి ఉండేవాళ్లు. దండెం మీద ఆరేసిన చీర సాయంత్రానికల్లా మందుల షాపు వాసన కొట్టేది. మా బావ ఆ చీర కొంగు వాసన చూసి, ఈవాళ ఏ కంపెనీలో ఏ బ్లాకు నడుస్తోందో చెప్పేవాడు. జ్వరమొచ్చినవాళ్లు మా అక్క చీర కప్పుకుంటే డాక్టరు అక్కర్లేదని నేను ఊరంతా ప్రచారం చేశాను. ఇద్దరు నమ్మారు కూడా.

తరవాత పోతిరెడ్డిపల్లిలో సొంతిల్లు కట్టుకున్నారు. కొడుక్కి పెళ్లయింది, కోడలొచ్చింది. అక్కకు రిటైర్మెంటు వచ్చింది. ఇంటి ముందర షామియానా వేసి దావత్ పెట్టాలనుకున్నారు. అప్పుడు అక్క నాతో, ఎవరో వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"ప్యాకింగ్ పోరీలంత వస్తరు తమ్మీ. అండ్ల సగం మంది నా మొకం పూరా సూడలే. గా ఒక్కనాడన్న మంచిగ కనవడాలె. మంచి చీర, నాకు నచ్చింది. ఎవ్వలు పెట్టింది గాదు."

ఎవరూ పెట్టింది కాదు అన్నమాట మీద ఆమె గొంతు కొంచెం గట్టిపడింది. ఎందుకంటే అక్క బీరువాలో ఉన్నవన్నీ పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, బారసాలల్లో ఎవరెవరో పెట్టినవి. ఒకరికి పెట్టడానికి ఇంకొకరు కొంటే, వాళ్లు మరొకరికి పెడితే, తిరిగి తిరిగి వచ్చినవి. మడత విప్పకుండానే మూడు జిల్లాలు చూసిన చీరలు అందులో ఉన్నాయి.

ఆమె మనసులో చీర ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. నేరేడుపండు రంగు. ఆవపూల పసుపులో సన్నటి అంచు. చేనేత నూలు, ఒంటి మీద నిలబడాలి, మెరవకూడదు. దాని మీదికి ఆవపూల రంగు జాకెట్టు, మోచేతుల దాకా చేతులు, బోట్ నెక్కు. అంతే. ఇంత చిన్న కోరికకు నా స్కూటరు టైర్లు అరిగిపోయాయి.

మొదట పటాన్‌చెరులో హైవే మీది పెద్ద బట్టల దుకాణానికి తీసుకెళ్లాను. గుమ్మంలో నిలబెట్టిన బొమ్మల నడుములు నా మణికట్టంత ఉన్నాయి. చీరల కౌంటర్లో ఉన్న హిందీ ఆయన అక్క నెరిసిన తల చూడగానే, పెద్దవాళ్లవి మూడో అంతస్తులో అన్నట్టు వేలు పైకి చూపించాడు.

"మాతాజీ, బడే లోగోం కా థర్డ్ ఫ్లోర్."

"లిఫ్టున్నదా బాబూ?"

"లిఫ్ట్ సిర్ఫ్ సామాన్ కే లియే, మాతాజీ."

లిఫ్టు సామాన్లకేనట, మనుషులకు కాదు. ఎగిరి గంతులేసే పిల్లల బట్టలు గుమ్మంలోనూ, మోకాళ్లు అరిగినవాళ్లవి మూడో అంతస్తులోనూ పెట్టిన ఆ మహానుభావుడెవరో నాకు తెలియదు. మేం ఎక్కడం మొదలుపెట్టినప్పుడు కింద ఆషాఢం సేల్ బోర్డు ఉంది. పైకి చేరేసరికి దసరా బోర్డు కడుతున్నారు. మధ్యలో రెండో అంతస్తులో పట్టుచీరల దగ్గర అక్క కూర్చుని మోకాళ్లు రాసుకుంటుంటే, ఒక సేల్స్‌మన్ వచ్చి "అమ్మా, ఇక్కడ కూర్చోవద్దు, కస్టమర్లు కూర్చుంటారు" అన్నాడు. ఇది పెంచి చెప్పింది కాదు.

పైన రంగులు చూశాం. బూడిద. బురద. ఎండిన చింతపండు. తడిసిన సిమెంటు. గుమ్మడిదల దగ్గర మా ఊరి వాగులోకి ఫ్యాక్టరీవాళ్లు వదిలే నీళ్లలో కూడా ఇంతకంటే సొగసైన రంగులు చూశాను నేను. ఆ వాగే ఆడమనిషయితే ఈ చీరలు కట్టనని మొండికేసేది. యాభై దాటిన ఆడవాళ్లంతా గోడలో కలిసిపోవాలని ఎవరో ఆర్డరిచ్చి నేయించినట్టున్నాయి. చేత్తో పట్టుకుంటే జారిపోయే పాలిస్టరు, రుద్దితే చిటపటలాడుతోంది.

"నేరేడు రంగు లేదా?" అంది అక్క. "జామూన్, జామూన్."

"వో తో నీచే మిలేగా మాతాజీ. లడ్కియోం కా."

"కిందికే పోదాం పా తమ్మీ," అంది అక్క.

కింద ఆడపిల్లల కౌంటర్లో నేరేడు రంగు ఉంది, కాకపోతే దోమతెర గుడ్డ మీద. దాని నిండా అద్దాలు, పూసలు, చమ్కీలు. అది కట్టుకుని ఎండలో నిలబడితే ముంబై రోడ్డు మీద లారీలు కళ్లు కనిపించక ఆగిపోతాయి. కౌంటర్లో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలే.

"ఎవరికి ఆంటీ? బిడ్డకా, కోడలికా?"

"నాకే."

ఆ పిల్ల సాయం కోసం అటూ ఇటూ చూసింది. "మీ ఏజ్‌కు ఇది జెర ఎక్కువైతది ఆంటీ."

"నా ఏజ్‌కు ఏది తక్కువైతదో గది సూపెట్టు బిడ్డా," అంది అక్క.

ఆ తరవాత సంగారెడ్డిలో దుకాణాలు ఎక్కాం, దిగాం. అంతటా అదే ప్రశ్న. ఎవరికి? అక్క "నాకే" అన్న ప్రతిసారీ చీరలు తీసే చెయ్యి ఆగిపోయేది, ఆ తరవాత బూడిద రంగు వైపు నడిచేది. ఒకాయన ఓదార్పుగా, "అమ్మా, ఈ వయసులో మనకు సుఖంగుంటే చాలు" అని నైటీ చూపించాడు. నేను ఫోన్లో వెతికాను. వయసు మళ్లిన ఆడవాళ్ల బట్టలు అని కొడితే మోకాలి పట్టీలు, చేతికర్ర, ఇంకా ఇక్కడ రాయలేని ఒక రకం కుర్చీ వచ్చాయి. చివరికి ఒక నేరేడు రంగు చీర కనబడితే తెప్పించాం. ఫోటోలో నేరేడు, కవరు విప్పితే వంకాయ, అదీ కూర వండాక మిగిలిన వంకాయ. ఒక్క ఉతుకుకు నీళ్లు మాత్రమే నేరేడు రంగులోకి వచ్చాయి.

అక్క అప్పటికి మాట్లాడ్డం తగ్గించేసింది. "ఇగ ఇడ్సిపెట్టు తమ్మీ. బీరువల ఏదో ఒకటి కట్టుకుంట" అంది.

చీర దొరికింది సంగారెడ్డిలో వేసిన చేనేత మేళాలో, ఆఖరి రోజున, వాళ్లు మూటలు కట్టేస్తుండగా. నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన మూట విప్పి అడుగున ఉన్నది తీసి చూపించాడు. నేరేడు. ఆవపూల అంచు. అక్క దాన్ని చెంపకు ఆనించుకుంది. అతను ధర చెప్పాడు, కవర్లో పెట్టాడు, రెండు చేతులతో ఇచ్చాడు. ఎవరికి అని అడగలేదు. నాకతని మొహం గుర్తులేదు కానీ ఆ అడగకపోవడం గుర్తుంది.

జాకెట్టు ఇంకో పోరాటం. వాళ్ల గల్లీలో కుట్టే అమ్మాయి, "బోట్ నెక్కా? గది పిల్లలేసుకుంటరు అత్తా" అని, తనకు తోచిన వెడల్పాటి గుండ్రటి మెడ కత్తిరించి, రెండు చంకల్లో బియ్యం బస్తా పట్టేంత వదులు పెట్టి కుట్టింది. పెద్దవాళ్లకు వదులే బాగుంటుందట. అక్క మళ్లీ అదే రంగు గుడ్డ కొనుక్కొచ్చి, మిషను ఎదురుగా కుర్చీ వేసుకుని, కుట్టు పూర్తయ్యేదాకా కదల్లేదు. కంపెనీలో షిఫ్టు ఎలా నిలబడేదో అలా కూర్చుంది.

దావత్ రోజు వచ్చింది. మధ్యాహ్నానికి ముందే అక్క లోపలి గదిలోంచి ఆ చీర కట్టుకుని బయటికొచ్చింది. అలవాటు కొద్దీ ఇక్కడ సూర్యుణ్ణి మబ్బుల్లోకి తోసెయ్యాలనుకున్నాను. అవసరం లేదు. సన్నగా, నిటారుగా, మెడ తేటగా కనబడుతూ, ఎక్కడా మెరవకుండా బాగుంది. అంతే. రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని మా బావ పేపరు దించి, "ఎవలింటికొచ్చినవమ్మా?" అన్నాడు. అక్క చీపురు విసిరేసినంత పని చేసింది. ఆ నవ్వు మొహం మీంచి పోకముందే మా చిన్నమ్మ వచ్చింది.

చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. మా అమ్మ పోయాక అక్కకు పుట్టిల్లు ఆవిడే. గుమ్మడిదల వైపు మా ఊళ్లోనే ఉంటుంది. పుట్టింటివాళ్లు ఏ శుభకార్యానికైనా బట్టలు పెట్టాలి కదా, పెద్ద ఇత్తడి పళ్లెంలో సర్దుకుని వచ్చింది. పళ్లానికి అటు ఆవిడ పట్టుకుంటే ఇటు నేను పట్టుకున్నాను, నేను కూడా పుట్టింటివాణ్ణే కాబట్టి. అక్కనూ బావనూ కుర్చీల్లో కూర్చోబెట్టి బొట్టు పెట్టాం.

ఇక్కడ మగవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మగవాడికి పెట్టేది ప్యాంటు గుడ్డ, షర్టు గుడ్డ. కుట్టించుకోవాలి కాబట్టి ఇప్పుడే వేసుకోమని ఎవరూ అనరు. భుజం మీద తువ్వాలు వేస్తే పని అయిపోతుంది. చీరకు ఆ దారి లేదు. కుట్టే పని లేకుండా పుట్టింది అది. పెట్టిన వెంటనే కట్టుకుని వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చోవాలి, ఒంటి మీద ఏ జాకెట్టు ఉంటే దాని మీదే.

పళ్లెంలో ఉన్నది తడిసిన సిమెంటు రంగు. సాక్షాత్తూ ఆ మూడో అంతస్తుదే.

"లే బిడ్డా, గిది కట్టుకొని రాపో," అంది చిన్నమ్మ.

"రేపు కట్టుకుంట చిన్నమ్మా. గియ్యాల గిది కట్టుకున్న గద."

"ఏందే గట్లంటవ్? పుట్టింటి బట్ట పెట్టినంక అట్లనే కూసుంటరానే? నలుగురు సూత్తరు. తల్లి లేని పిల్లకు చిన్నమ్మ పెట్టిన చీర నచ్చలేదంటరు."

"భుజం మీద ఏసుకుంటది తియ్ చిన్నమ్మా," అన్నాను నేను.

"నువ్వూకో కొడుకా. మీ మొగోళ్లకు తువ్వాల ఏత్తె అయిపాయె." మళ్లీ అక్క వైపు తిరిగి చెంప నిమిరింది. "గీ వయసుల గంత గాటు రంగేందే బిడ్డా? నేను మెట్లెక్కలేక ఎక్కి, సూసి సూసి, పెద్దమనిషి తీరు హుందాగున్నది తెచ్చిన."

నేను చిన్నమ్మ కట్టుకున్న చీర వైపు చూశాను. ఎండిన చింతపండు. అది కూడా ఎవరో పెట్టిందే. ఆవిడ ట్రంకుపెట్టె నిండా అవే. ఆ పెట్టె మూత తీస్తే వచ్చే కంపుకు బల్లులు ఇల్లు ఖాళీ చేస్తాయి. బతుకంతా తనకోసం ఒక్క చీర ఎంచుకుని ఎరగని మనిషి, తన కంటికి అన్నిటికంటే గొప్పగా కనబడింది మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి తెచ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అది ఇంకా పెద్ద కోపం.

అక్క లోపలికెళ్లింది. బయటికొచ్చింది. సిమెంటు చీర, దాని మీద ఏ సంబంధమూ లేని ఆవపూల జాకెట్టు, బోట్ నెక్కు. ఫోటో తీసేవాడు "మేడమ్, కొంగు నిండుగా కప్పుకోండి, జాకెట్టు మ్యాచ్ అయితలేదు" అన్నాడు. కప్పుకుంది.

మొదటి షిఫ్టు అయ్యాక కంపెనీ బస్సు వచ్చి గల్లీ మొదట్లో ఆగింది. ప్యాకింగ్ పిల్లలు దిగారు. నా లెక్కలో నాలుగు వందల మంది, మీ లెక్కకు ఒక ముప్పై. గోరింటాకులు, పూలు, గలగలలు. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ల కళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు, వాళ్లకు తెలిసింది కళ్లే కాబట్టి. ముందు నడిచిన పిల్ల అక్క దగ్గర ఆగి, ఆమె ముక్కుకూ నోటికీ అరచెయ్యి అడ్డం పెట్టి చూసి, "గీమెనే!" అని కేక పెట్టింది. తరవాత చెయ్యి తీసి కిందికి చూసింది.

"ఏందక్కా, మన హౌస్‌కీపింగోళ్ల చీర లెక్కనే ఉన్నది! రిటైరైనంక గా డ్యూటీ ఇచ్చిన్రా ఏంది?"

అందరూ పగలబడి నవ్వారు. పాపం, వాళ్లకేం తెలుసు.

అప్పుడు అక్క లేచింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్లి, నేరేడు చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. బగారన్నం వడ్డిస్తున్న వంటాయన గరిటె గాల్లోనే ఉండిపోయింది. ప్యాకింగ్ పిల్లల్లో ఒకతె వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది, ఆ ఈలకు ముంబై రోడ్డు మీద బస్సులు ఆగాయి. కుర్చీల వరసల మధ్య అక్క ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసి, "అచ్చం మీ అమ్మ లెక్కనే ఉన్నవే" అంది. అక్క వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, సిమెంటు చీర మడిచి ఆవిడ ఒళ్లో పెట్టింది.

మూడో అంతస్తు నిజం. రెండో అంతస్తులో కూర్చోవద్దన్న సేల్స్‌మన్ నిజం. హౌస్‌కీపింగ్ మాట అక్షరాలా నిజం, నా చెవులతో విన్నాను. పుట్టించింది ఇప్పుడు మీరు చదివిన పేరా. అక్క లేవలేదు. పిల్లలతో పాటు తనూ నవ్వింది, వాళ్లకంటే కొంచెం గట్టిగానే. "అవునే, రేపట్నుంచి మీ లాకర్లు నేనే ఊడుస్త" అంది. చివరి పళ్లెం లేచేదాకా అదే కుర్చీలో, అదే చీరలో కూర్చుంది. చిన్నమ్మ తృప్తిగా బగారన్నం తిని, పోయేటప్పుడు "ఎంత హుందాగున్నవే బిడ్డా" అని మెటికలు విరిచింది. ఈల ఎవరూ వెయ్యలేదు. ఈల వెయ్యడం నాకొచ్చు, నేను కూడా వెయ్యలేదు.

నేరేడు చీర కొన్ని రోజులు బీరువాలో ఉంది. "కట్టుకోవేందక్కా?" అంటే, "ఏడికి పోవాలె తమ్మీ, ఎవలు సూడాలె?" అనేది. ఒకనాడు కోడలు ఏదో పెళ్లికి బయలుదేరుతూ దాన్ని చేత్తో తడిమి, "మంచిగున్నది అత్తమ్మా" అంది. "తీస్కో, నీకైతే ఇంక మంచిగుంటది" అంది అక్క. పెళ్లిలో అందరూ ఎక్కడ కొన్నావని కోడల్ని అడిగారట. ఎవరికి కొన్నారని ఎవరూ అడగలేదు.

జాకెట్టు మాత్రం కోడలికి పట్టలేదు, అందుకని అక్కకే మిగిలింది. ఎవరు ఏ చీర పెట్టినా లోపల దాన్నే వేసుకుంటుంది. దావత్ నాటి ఫోటోకు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. సిమెంటు రంగు కొంగు నిండుగా కప్పుకుని ఉంటుంది అందులో. జాగ్రత్తగా చూస్తే మోచేతి దగ్గర జానెడు మేర ఆవపూల పసుపు కనబడుతుంది.

జానెడు అన్నది నేను. నిజానికి రెండు వేళ్ల మందం.